నెమలికొండ ఫైరింజను తోపుడు విజయము

స్వస్తి! నల్లమల గిరిపాదసీమన, మార్కాపురపు పలకలు సైతం పలకలేనంతగా కాలి, కొమరోలు బోర్లు బోర్లాపడి నీటికి మారుగా గాలిని కక్కుచున్న ప్రచండ గ్రీష్మ మధ్యాహ్నమున, గిద్దలూరు రోడ్డు పక్కనున్న నెమలికొండ అగ్నిమాపక కేంద్రమున, మంటలార్పుటే వృత్తిగాగల మహావీరుల గుండెల్లోనే మంట రగిలినది. కారణము కోత. వరికోత కాదు, కరెంటు కోత కాదు, సిబ్బంది కోత!

ఆరుగురు యోధులలో ఒకరిని తీసివేయవచ్చునా యని తేల్చుటకు జిల్లా కేంద్రము నుండి అగ్నిమాపక అధికారిణి సంధ్యారాణి మేడమ్ వేంచేసినది. వేటు పడినచో సర్వీసులో అందరికంటె చిన్నవాడగు గంగయ్య మీదనే పడును. గంగను పేరున, గొట్టమును భుజమున ధరించిన ఆ ధూమధూసర మీసధారికి ఇచ్ఛాపురము బదిలీ రాసిపెట్టియున్నది. ఇచ్ఛాపురమందతనికి ఇచ్ఛ లేదు. పైగా ధర్మపత్ని శ్రీశైలమ్మ తెల్లవారకమునుపే శాసనము చేసెను:

"పోతే నువ్వు పో. బర్రెను, పిల్లోళ్ల బడిని ఇడిసిపెట్టి నేను రాను. ఆడ నీ వంట నువ్వే, నీ మంట నువ్వే!"

మేడమ్ గౌరవార్థము ఆ పొట్టి ఫైరింజనును కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, షామియానా కింద చదును నేలపై నిలిపిరి. హా, ఎంతటి ప్రమాదము! ముదుసలి బ్యాటరీ గల ఆ శకటమును ఏనాడైనను గేటు బయటి వాలు మీద, ముక్కు కిందికి పెట్టి, చక్రము కింద రాయి వేసి ఉంచుట ఆ స్టేషను ఆచారము. గంట మోగగానే రాయి తీసిన, బండి తానే జారి, తానే రాజుకొనును. నేడు అందము కోసము ఆచారమును మరచిరి.

కుర్చీ నలంకరించిన మేడమ్, గంగయ్యపై ప్రశ్నాస్త్రమును సంధించినది. "డ్రైవరొకడు, పంపు దగ్గర ఒకడు, పైపుకు ఇద్దరు, ఇన్‌ఛార్జి ఒకడు. ఐదుగురు చాలు కదా. ఆరో మనిషి ఏం చేస్తాడయ్యా?"

నీళ్లు చల్లుటలో నేర్పరి యగు గంగయ్య నీళ్లు నమిలెను. "ఏందో ఒకటి చేస్తానే ఉంటాడు మేడమ్."

అంతలో ఫోను ఘోషించినది. పక్కపల్లె రైతు పోలేరమ్మ గొంతు. "అయ్యా, నా గడ్డివామి అంటుకునింది! తొందరగా రాండయ్యా!"

సారథియగు ఓబులేసు లంఘించి తాళము తిప్పెను. శకటము 'కుయ్' మని మూల్గి మౌనవ్రతము పట్టెను.

"మేడమ్ వస్తాంది, షోకుగా పెడదామని మీరే కదరా అంటిరి!" అని ఓబులేసు గర్జించెను. "దిగి తోయండి!"

ఆనాడొక యోధుడు మరదలి పెండ్లికి సెలవులో ఉండుటచే, తోయువారు నలుగురే మిగిలిరి. "అన్నలారా! భుజములు వంచుడు! అక్కడ గడ్డి కాలుచుండ ఇక్కడ మనము గడ్డి పీకుచుంటిమా!" యని గంగయ్య సింహనాదము చేసెను. నాలుగు కంఠములు 'ఐలెస్సా' యనెను, నాలుగు చొక్కాలు చెమటలో మునిగెను. శకటము గేటు ముందర మురుగుకాలువపై ఎత్తుగా పరచిన కాలువబండ దాకా వచ్చి, దాని నెక్కలేక, సిగ్గుపడినట్లు వెనక్కి జారెను. మరల తోసిరి. మరల జారెను.

రొప్పుచు గంగయ్య తలయెత్తి, చేతులు కట్టుకొని చూచుచున్న మేడమ్‌తో వినయముగా ననెను.

"మేడమ్, ఆరో మనిషి లీవులో ఉన్నాడు. ఆయప్ప చేసే పని ఇదే. కొంచెం చెయ్యేస్తారా?"

సంధ్యారాణి టోపీ తీసి కుర్చీలో పెట్టి, చొక్కా చేతులు మడిచి, సాక్షాత్తు శక్తివలె బండికి భుజమానించినది. చక్రము కాలువబండ నెక్కినది! దాటినది! వాలు మీద దొర్లినది! మేడమ్ ముఖముపై నల్లని పొగ నూది, శకటము భళ్లున రాజుకొన్నది! అందరును ఎక్కిరి, ఆమెయును ఎక్కినది.

మంటలారుసరికి వామి సగము మిగిలినది. పోలేరమ్మ కన్నీరు తుడుచుకొని, మసిబారిన మేడమ్‌ను ఎగాదిగా చూచెను.

"ఈయమ్మ ఎవురు నాయనా?"

"జిల్లా ఆఫీసరమ్మ. బండి తోసింది" అనెను ఓబులేసు.

"అయ్యో! తోసే మనిషి కోసరం జిల్లా దాకా పోవాల్నా? ఈడ ఎవురూ లేరా?"

మేడమ్ దగ్గినది. పొగ వలన కాదు. "కొత్త బ్యాటరీ అడగకూడదా మీరు?"

"అడిగినాం మేడమ్," అని గంగయ్య నేల చూపులు చూచెను. "ఫైలు మీ ఆఫీసులోనే ఆగింది."

మేడమ్ మసిముఖమును, యూనిఫారమునకు కొంగు లేనందున, రుమాలుతో తుడుచుకొని, పిమ్మట తీర్పు చెప్పినది. "సరే. బ్యాటరీ వచ్చేదాకా ఆరో మనిషి ఉంటాడు."

ఓబులేసు పకపక నవ్వి గంగయ్య వీపు చరిచెను. "అట్లయితే నువ్వు రిటైరయ్యేదీ ఈడనేలే తమ్ముడూ! తోసేటోడే తోపు!"

ఇవ్విధమున, రాజ్యము గెలువక, పతకము పొందక, కదలని బండిని కదిలించి, కదలవలసిన తాను కదలకుండ నిలిచి, వీరాధివీరుడగు గంగయ్య, ఫైరింజను వెనుక తన రెండరచేతులు ఆనించుకొనుటకు సరిపడు జానెడు రేకును శాశ్వతముగా జయించెను. దిక్కులు పిక్కటిల్లునట్లు పలుకుడు: తోపునకు జయము!