ఆరువందల కిలోమీటర్ల అవతల వదిన

దేశంలో శాంతి కరువవడానికి కారణం జనం ఇళ్లలో కూర్చోవడమేనని ప్రభుత్వం కనిపెట్టింది. ఇకమీదట ప్రతి ఉద్యోగీ కుటుంబ సమేతంగా వేరే ప్రాంతానికి విహారయాత్ర చేసి, ఒక కొత్త మనిషితో స్నేహం కుదుర్చుకుని, సంతకంతో సహా మైత్రీపత్రం తేవాలి. స్నేహానికి గడువు మూడు రోజులు. పత్రం లేనివారికి ప్రమోషన్ లేదు.

కింది వాటా ఇల్లాలు ఆనందంగా సంచి సర్దింది. గుమాస్తా భర్త ప్రమోషన్ సరే, మూడు రోజులు పైనుంచి పడే ఆ నీటిచుక్కలు తప్పుతాయి. పద్దెనిమిది మెట్ల పైన, పై వాటాలో ఉండే టైలరమ్మ బట్టలు పిండకుండా ఆరేస్తుంది. ఆ నీళ్లు కింది దుప్పట్ల మీద పడతాయి. ఒకప్పుడు ఇద్దరూ ఒక కంచంలో తిన్నవాళ్లే. చుక్కల గురించి ఇల్లాలు ఒక మాట అనబోయి నాలుగు అనడంతో ఆరేళ్లుగా మాటల్లేవు. ఇల్లాలికి నిజానికి దుప్పటి తడవడంకన్నా ఆ మాటల్లేకపోవడమే బాధ. ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పుకునే మనిషి ఆ టైలరమ్మే.

బస్సులో సీట్లు ఈ పథకం నడిపే శాఖవారే కేటాయించారు. ఆమె పక్కన టైలరమ్మ! ఆవిడ భర్తా ఉద్యోగే మరి. మధ్యలో మంచినీళ్ల సీసా సరిహద్దు రాయిలా నిలబడింది. "కిటికీ ఒకరిదైనా దృశ్యం అందరిదీ" అని గైడు మైకులో సెలవిచ్చాడు. వెంటనే కిటికీల కోసం నాలుగు చోట్ల జుట్లు పట్టుకున్నారు. గాయాలకు పావురం బొమ్మ ఉన్న కట్లు ఉచితంగా కట్టారు.

ఆరువందల కిలోమీటర్లు దాటి దిగి చూస్తే ఊరు ఖాళీ. అక్కడివాళ్లంతా ఇదే పథకం కింద మన ఊరు చూడబోయారు. మిగిలిన ఒకే ఒక్క కాపలాదారు "రోజుకు పది స్నేహాలు మాత్రమే" అని బోర్డు పెట్టి, ఆ పదీ తెల్లారేలోపే ముగించేశాడు.

మూడో రోజుకి గుమాస్తా ముఖం వాడిపోయింది. ఇల్లాలు కాగితం పట్టుకుని లాడ్జి వసారాలోకి వెళ్లింది. టైలరమ్మ నీళ్లోడే దుప్పటి ఆరేస్తోంది.

"మీది ఏ ఊరు వదినా?"

టైలరమ్మ చెయ్యి ఆగింది. "చాలా దూరంలెండి. మీది?"

"అటువైపే. కింది వాటా."

"కింది వాటావాళ్లు మంచివాళ్లేనట. నోరే కాస్త పెద్దదట."

"పై వాటావాళ్లకు చేతుల్లో సత్తువ లేదట. ఆ కొస ఇలా ఇవ్వండి."

చెరో కొసా పట్టుకుని మెలిపెట్టారు. ఆరేళ్ల నీళ్లు కారాయి. నవ్వి నవ్వి ఇద్దరూ వసారాలోనే కూలబడ్డారు. 'పరిచయం ఎన్నాళ్లుగా?' అన్న గడిలో 'ఇప్పుడే' అని రాసి, ఒకరికొకరు సంతకాలు చేసుకున్నారు.

మైత్రీపత్రంతో దిగిన వాళ్ల ఫొటోకు మొదటి బహుమతి వచ్చింది. "దేశపు ఆ కొసనూ ఈ కొసనూ కలిపిన మహిళామణులు" అని శాఖ డైరెక్టరుగారు గద్గదస్వరంతో ప్రసంగించారు. ఇద్దరిదీ ఒకే ఇంటి నంబరని గమనించే తీరిక ఆయనకు లేదు.

తిరిగొచ్చిన మర్నాడు దుప్పటి మీద చుక్క పడింది. ఇల్లాలు తలెత్తింది. పైన టైలరమ్మ దుప్పటి కొస పట్టుకుని ఎదురుచూస్తోంది. 'వదినా' అన్న పిలుపు గొంతుదాకా వచ్చింది. కానీ వీధి వీధంతా బాల్కనీల్లో నిలబడి, ముందు ఎవరు దిగొస్తారా అని చూస్తోంది. మనమూ ఉన్నాం అందులో, కాఫీ కప్పులతో. ఇద్దరూ చెరో తలుపూ వేసుకున్నారు.

ఆ సాయంత్రమే ఇద్దరి భర్తలూ వచ్చే ఏటి యాత్ర దరఖాస్తుల క్యూలో నిలబడ్డారు. ఆరువందల కిలోమీటర్లకు శాఖవారి బస్సుంది. పద్దెనిమిది మెట్లకు మాత్రం ఏ శాఖా ఇంకా బస్సు వేయలేదు.