ఇంటికి రెండు కిలోల చెత్త

"వృథాను అరికట్టనిదే దేశం ముందుకు పోదు" అని మంత్రిగారు విజయవాడ బహిరంగసభలో ప్రకటించిన రోజున, చప్పట్లు కొట్టిన వన్ టౌన్ పౌరుల్లో నేనూ ఉన్నాను. ఇకమీదట ప్రతి ఇల్లూ నెలకు రెండు కిలోల పనికిరాని వస్తువులు ప్రభుత్వానికి అప్పగించాలి. అప్పగించినవాళ్ళకు చీటీ ఇస్తారు. ఆ చీటీ చూపిస్తేనే రేషను షాపులో పంచదార. ఇంత సూక్ష్మంగా ఆలోచించే మంత్రి మన జిల్లాకు దొరకడం మన అదృష్టం.

మర్నాడే వృథా నివారణ స్పెషలాఫీసరు హనుమయ్యగారు మా గుమ్మం ముందు జీపు దిగారు.

"మీ చెత్త ఎక్కడమ్మా?" అని మా ఆవిడ రావమ్మను అడిగారు.

"లేదండీ."

"ఎందుకు లేదు?"

పాత చీరలేవని ఆయన అడిగితే మా ఆవిడ బొంత చూపించింది. పాత బొంతలేవంటే మసిగుడ్డలు చూపించింది. పాత మసిగుడ్డలేవంటే పొయ్యి చూపించింది. పొయ్యిలో బూడిద కనబడి ఆయన ఆశగా వంగారు.

"అది అంట్లు తోముకోడానికండీ."

"కూరగాయల తొక్కులు?"

"గేదె తినేస్తదండీ."

"ఖాళీ సీసాలు?"

"ఖాళీగా ఎక్కడున్నాయండీ? పప్పులు పోసుకున్నాం."

హనుమయ్యగారు నాకేసి తిరిగి, "చదువుకున్నవారు, మీ ఇంట్లోనే చెత్త లేకపోతే ఎలాగండీ?" అన్నారు. నాకు నిజంగానే సిగ్గేసింది.

సిగ్గుతో పోయే వ్యవహారమైతే బాగానే ఉండేది. మా అమ్మాయి గంగారత్నం నీళ్ళోసుకుని పుట్టింటికి వచ్చింది. శ్రావణంలో సీమంతం. పామర్రు నుంచి వియ్యాలవారు బండెడు మంది దిగుతారు. వాళ్ళకు లడ్డూలు పెట్టకపోతే పిల్ల బతుకంతా మాట పడుతుంది. బ్లాకులో పంచదార కొనే తాహతు మాకు లేదు. మా ఆవిడకు ఆ బెంగతో అన్నం సయించలేదు.

ఆదుకున్నవాడు పాత సామాన్ల కొట్టు పోతురాజు. అతని దగ్గర రెండు కిలోల చెత్త కొని మునిసిపాలిటీకి అప్పగించాం. వన్ టౌనంతా అదే చేసింది. మునిసిపాలిటీ ఆ చెత్తను వేలం వేసింది. పోతురాజు పాడుకున్నాడు. మరుసటి నెల మళ్ళీ కొనుక్కున్నాం. పిడి ఊడిన ఇస్త్రీపెట్టె ఒకటి మాటిమాటికీ మా వాటాకే వస్తుండటంతో మా అమ్మాయికి దానిమీద అభిమానం కూడా ఏర్పడింది. పథకం దివ్యంగా సాగింది.

సరిగ్గా శ్రావణంలో, చెత్త గుట్టను స్వయంగా చూడటానికి మంత్రిగారు వస్తున్నారని తెలిసింది. గుట్ట నిండుగా కనబడాలి కనక వేలం ఆపేశారు. పోతురాజు కొట్టు ఊడ్చిపెట్టినట్టుంది.

"ఈ నెల సరుకు లేదండి," అన్నాడు. "కంకిపాడోళ్ళు కూడా ఇక్కడికే వచ్చి అడుగుతున్నారు."

ఆ సాయంత్రం మా ఆవిడ ఆవకాయ జాడీ దించింది. కాపురానికి పంపేటప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన జాడీ. ఆవకాయ గిన్నెల్లోకి తీసి, జాడీ శుభ్రంగా కడిగి, తుడిచి, గడప మీద వేసి కొట్టింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. నేను పెంకులు ఏరి సంచిలో వేశాను.

హనుమయ్యగారు తూకం చూసి, చీటీ చింపి ఇచ్చారు. "చూశారా, మనసు పెడితే ఉంటుందమ్మా," అని మెచ్చుకున్నారు.

మర్నాడు మంత్రిగారు గుట్ట ముందు నిలబడి ఉద్వేగంతో మాట్లాడారు.

"మొన్నమొన్నటిదాకా ఈ పేటలో గుప్పెడు చెత్త ఉన్న ఇల్లు లేదు. నా ఆఫీసరు కన్నీళ్ళతో రిపోర్టు పంపాడు. ఇవాళ చెత్త లేని ఇల్లు ఒక్కటి చూపించండి."

ఎవరూ చూపించలేకపోయారు. చప్పట్లు మోగాయి. మనిషికో లడ్డూ పంచారు. మా ఆవిడ తనది తినకుండా కాగితంలో పట్టుకుని, అటునుంచి అటే రేషను షాపుకు నడిచింది. సీమంతం ఎల్లుండి.

డీలరు బాలశౌరి చీటీని వెలుతురులో పెట్టి చూశాడు. "చీటీ బాగానే ఉందమ్మా. పంచదారే లేదు."

"ఈ నెల కోటా రాలేదా?"

"రాకేం, వచ్చింది. మొత్తం మీటింగు లడ్డూలకి పట్టుకెళ్ళారు." అతను మా ఆవిడ చేతిలోని పొట్లం వంక చూశాడు. "మీ వాటా మీకు అందినట్టే ఉందిగా."

మా ఆవిడ పొట్లం విప్పి లడ్డూను చూసుకుంది. ఈలోగా బాలశౌరి చీటీ మీద "ముట్టింది" అని రాసి, పెన్ను ఆమె ముందు పెట్టాడు.

"ఇక్కడ సంతకం చెయ్యండమ్మా."