బ్రాకెట్లో రెండు

లోకంలో ఏ రెండు మూలకాలైనా ఎవరినీ అడక్కుండా కలిసిపోవచ్చు. కానీ కలిశాక మా కార్యాలయం అనుమతి లేకుండా పేరు పెట్టుకోవడానికి మాత్రం వీల్లేదు.

మాది బడులకు రసాయనాలు సీసాల్లో నింపి పంపే గోదాము. ఆ సీసాలకు చీటీలు అంటించే గదిని నామకరణ విభాగం అంటారు. అందులో నేను తాత్కాలిక అంటింపుదారుని. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషికి నామకరణంతో ఏం పనని మీకు సందేహం రావచ్చు. (నాకు రోజూ వస్తుంది. గ్యాస్ కట్టేశానా లేదా అన్న సందేహం తర్వాత రెండో స్థానం దానిదే.)

పర్మనెంట్ కావాలంటే పరీక్ష రాయాలి. పర్మనెంట్ వాళ్ళ పిల్లల్ని పై అంతస్తులో ఒక ఆయా చూసుకుంటుంది. తాత్కాలికుల పిల్లలు తాత్కాలికంగా కూడా ఆ మెట్లెక్కకూడదు. మా పాపకి రెండేళ్ళు. ఇన్నాళ్ళూ మా అత్తయ్య చూసుకున్నారు. ఒకటో తారీఖున ఆవిడ మా ఆడపడుచు కాన్పుకి వెళ్ళిపోతున్నారు. మా ఆయన లారీ ఎక్కితే వారానికోసారి గాని దిగరు. అంటే పరీక్ష పోతే ఉద్యోగమూ పోయినట్టే.

కనుక నిబంధనలు బట్టీ పట్టాను. లోహం ముందు కూర్చోవాలి, దాని పేరు చెక్కు చెదరకూడదు. వెనక వచ్చినదానికి తోక కత్తిరించి 'ఐడ్' అతికించాలి. క్లోరిన్ క్లోరైడ్ అవుతుంది, ఆక్సిజన్ ఆక్సైడ్ అవుతుంది. (వెనక వచ్చినదాన్ని ఇష్టమేనా అని అడిగే నిబంధన లేదు. నా పెళ్ళిలోనూ లేదు.) లోహం కానివి రెండు కలిస్తే తలలు లెక్కపెట్టి డై, ట్రై అనాలి. కార్బన్ ఒకటీ ఆక్సిజన్ రెండూ అయితే కార్బన్ డై ఆక్సైడ్. లోహం ఉంటే తలలు లెక్కపెట్టడం మర్యాద కాదు. నీళ్ళు, అమ్మోనియా పెద్దవాళ్ళు కాబట్టి పాత పేర్లతోనే పిలవాలి.

ఇక ఇనుము లాంటి నిలకడ లేని లోహాలున్నాయి. ఇవి ఒకచోట రెండు చేతులు చాపుతాయి, ఇంకోచోట మూడు. ఎన్ని చాపాయో బ్రాకెట్లో రాసి తీరాలి.

సాధన కోసం ఇంట్లో డబ్బాలన్నిటి మీదా చీటీలు అంటిద్దామనుకున్నాను. పంచదారలో మూడు మూలకాలున్నాయట, రెండు దాటితే మా విభాగం పరిధిలోకి రాదు. ఆఖరికి దొరికింది ఒక్కటే. ఆ మధ్యాహ్నం కూరలో ఉప్పు లేదు.

"ఉప్పుడబ్బా ఏమైంది అత్తయ్యా?"

"ఉప్పుడబ్బానా? ఏదో క్లోరైడ్ అని రాసుంటే ఎలకల మందనుకుని అటక మీద పడేశాను. పిల్ల తిరిగే ఇల్లు కాదుటే?"

"సోడియం క్లోరైడ్ అంటే ఉప్పే అత్తయ్యా."

"అయితే ఉప్పని ఏడవొచ్చుగా."

నిచ్చెన తెచ్చుకున్నాను.

పరీక్షకు ఇరవై సీసాలు వరసగా పెట్టారు. సీసా మీద మూలకాలూ అంకెలూ ఉంటాయి, మనం పేరు రాయాలి. పెన్సిల్‌తోనే రాయాలన్నది మా ప్రధాన నామకరణాధికారి కట్టడి. పద్నాలుగో సీసాలో ఎర్ర పొడి. రెండు ఇనుములు, మూడు ఆక్సిజన్లు. ఇనుము కింద రెండు కనిపించగానే బ్రాకెట్లో రెండు వేసేశాను. తర్వాత అలవాటు ప్రకారం భయం వేసింది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆక్సిజన్‌కి తలా రెండు చేతులు, మూడిటికి ఆరు. ఆ ఆరింటినీ రెండు ఇనుములే పట్టుకోవాలి. తలా మూడు. ఆరుసార్లు లెక్కపెట్టినా మూడే. చెరిపి మూడు వేశాను.

ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. ఇరవైకి ఇరవై వస్తేనే పర్మనెంట్.

అధికారి గారు ముఖాన చిరాకు లేకుండా చెప్పారు. "ఇనుము కింద రెండు అని కళ్ళెదురుగా ఉంది కదమ్మా."

"అది ఎన్ని ఇనుములో చెప్పే అంకె సార్. చేతుల లెక్క వేరు." వేళ్ళు చూపించబోయాను.

"చేతులు దించమ్మా. పదకొండేళ్ళుగా రెండనే అంటిస్తున్నాం. ఇనుము ఏనాడైనా ఫిర్యాదు చేసిందా?"

చేయలేదని ఒప్పుకున్నాను.

అభ్యంతర పత్రం అడిగితే ఇచ్చారు. దాని మీద పర్మనెంట్ ఉద్యోగి ఒకరు సంతకం పెట్టాలి. మా గదిలో పర్మనెంట్ వాళ్ళు నలుగురు. నలుగురూ పద్నాలుగో సీసాకి రెండు వేసే పర్మనెంట్ అయ్యారు. అందరిలోకీ పెద్దావిడ నన్ను పక్కకి లాగింది.

"పిల్లదానివి, అంకె కోసం అన్నం పోగొట్టుకుంటావా? నాకూ తెలుసు మూడని."

"తెలిసీ ఎలా అంటిస్తున్నారక్కా?"

"జిగురుతో."

తిరిగి లోపలికి వెళ్ళాను. అధికారి గారు కాగితం పక్కన రబ్బరు అప్పటికే పెట్టి ఉంచారు. పెన్సిల్ కట్టడిలో ఎంత కరుణ ఉందో నాకప్పుడు అర్థమైంది. గ్యాస్ కట్టేశానా అని రోజుకి మూడుసార్లు వంటింట్లోకి పరిగెత్తే మనిషిని నేను. మూడుని చెరిపి రెండు వేశాక మాత్రం మళ్ళీ ఒక్కసారి కూడా లెక్క చూసుకోలేదు.

ఒకటో తారీఖున అత్తయ్య బస్సెక్కారు, పాప మెట్లెక్కింది. నేను రోజుకి రెండు వందల ఎర్ర సీసాలకి బ్రాకెట్లో రెండు అంటిస్తున్నాను. ఏ చీటీ ఊడకుండా అంచులు మూడేసి సార్లు నొక్కుతాను. మా విభాగంలో నా అంత శ్రద్ధ ఎవరికీ లేదని అధికారి గారే అన్నారు.

నిన్న నా పాత కుర్చీలోకి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. నెలల పిల్లని పక్కింట్లో వదిలి వస్తోందట. మధ్యాహ్నం దాకా తల వంచుకుని పని చేసింది. తర్వాత ఎర్ర సీసా ఒకటి పట్టుకుని నా దగ్గరకొచ్చి, ఎవరూ వినకుండా వేళ్ళు మడిచి లెక్క చూపించింది.

"ఇక్కడ మూడుండాలి కదక్కా?"

సీసా ఆమె చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాను.

"తాత్కాలికంగా మూడేనమ్మా. పర్మనెంట్ అయ్యాక రెండు."