లచ్చి టీకా కార్డు

కురుమూర్తి ఆ శుక్రవారం పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే. ఇంట్లో ఉన్న పిల్లిని గద్వాల పశువుల దవాఖానకు తీసుకుపోయి టీకా వేయించాలి, కార్డు రాయించుకోవాలి, అన్నం వేళకు ధరూర్ చేరాలి. వనపర్తి నుంచి కూతురు సౌందర్య ఫోన్‌లో తేల్చి చెప్పింది. "పాప పాకుతుంది నాయినా. పిల్లి తోక గుంజకుండ ఉంటదా? టీకా కార్డు ఫోటో పెడితేనే ఐతారం వస్తం." మనవరాలిని చూసి నాలుగు నెలలైంది.

పిల్లి పేరు లచ్చి. తెల్లటి ఒళ్లు, నల్లటి తోక. భార్య కిష్టమ్మకు అదంటే ప్రాణం. కురుమూర్తికి పడదు. ఆరేళ్లుగా అది పాలగిన్నె బోర్లించినప్పుడల్లా "దీన్ని సంచిలేసి కాలువ అవతల ఇడిసొస్త" అని వాడకట్టంతా వినేలా అరిచేవాడు. ఆ రోజు నిజంగానే దాన్ని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, స్టీఫెన్ ఆటో ఎక్కాడు.

"ఆఖరికి మాట మీద నిలబడ్డవు మామా" అన్నాడు స్టీఫెన్.

"ఇడువనీకి గాదు. సూది వేయించనీకి."

ఆటోలో అందరూ నవ్వారు. వెనక కూర్చున్న ఎస్తేరమ్మ, "నిరుడు కాలుకు మేకు దిగితెనే సూదికి పోలేదు నువ్వు. పిల్లికి వేయిస్తవా? కిష్టమ్మకు చెప్పంలే బిడ్డా" అంది.

కాలువ వంతెన దాటగానే ఫోన్ మోగింది. సౌందర్య. ఇంజను చప్పుడుకు వినబడక, ఆటో ఆపించి పక్కకు దిగాడు. "బయలెల్లిన బిడ్డా, సంచిల పెట్టుకున్న" అని చెప్పి వెనక్కి తిరిగేసరికి సంచి చదునుగా ఉంది.

"అయిపాయె మామా" అన్నాడు స్టీఫెన్ చేతులు దులుపుకుంటూ. "పిల్లి పాపం నీకెందుకని నేనే ఇడిసిన. మాకు గా పట్టింపుల్లేవు గద."

"నీళ్లు దాటించిన పిల్లి మళ్ల రాదు" అని ఎస్తేరమ్మ ధైర్యం చెప్పింది. "ఇగ పాలు నిమ్మళంగ తోడేసుకోండ్రి."

కురుమూర్తి తిట్టిన తిట్లకు ఆటో ఆగలేదు. ఖాళీ సంచి పట్టుకుని గంటసేపు తుప్పలన్నీ వెతికాడు. చివరికి చేపలు వేయించే పాక వెనక తెల్లపిల్లి కనబడింది. నల్లతోక. "లచ్చీ!" అన్నాడు. అది తిరిగి చూడలేదు. లచ్చి కూడా ఆయన పిలిస్తే ఏనాడూ తిరిగి చూడలేదు గనుక, ఇక అనుమానం లేకపోయింది. చేపముక్క ఎర వేసి పట్టుకుంటే మణికట్టు నుంచి మోచేతి దాకా గీరింది. ఇంకో ఆటో ఎక్కాడు.

పశువుల డాక్టరు టీకా వేసి, నులిపురుగుల మందు ఇచ్చి, కార్డు రాసి ముద్ర కొట్టాడు. "ఏడాదికోసారి తప్పకుండ తేవాలె" అని, కురుమూర్తి చేయి చూసి ఆగాడు. "సబ్బు పెట్టి బాగ కడుక్కో. మనుషుల దవాఖానకు పో. నీకు నాలుగు సార్లు పడ్తయి." పిల్లికి ఒకటి, తనకు నాలుగు. మొదటిది వేయించుకుని ఇల్లు చేరేసరికి మూడు దాటింది.

కిష్టమ్మ గడపలో కూర్చుని ఉంది. పక్కన సర్దిన బట్టల సంచి. ఒళ్లో లచ్చి, కాళ్లనిండా బురద.

"ఎస్తేరమ్మ ఫోన్ చేసి అంత చెప్పింది. నేను వనపర్తికి పోతున్న. పాపను ఈడికి తేవద్దన్న" అంది.

కురుమూర్తి లచ్చిని చూశాడు. చేతిలో కదులుతున్న గోనెసంచిని చూశాడు. కార్డు చాచాడు. కిష్టమ్మ కూడబలుక్కుని చదివింది. "మగది అని రాసిండ్రు. మన లచ్చి మొన్న ఉగాదికే నాలుగు పిల్లలు పెట్టె. ఆరేండ్ల సంది ఒక్కనాడన్న దీని మొకం చూసినవా?"

సంచి విప్పారు. మగపిల్లి దర్జాగా దిగి, పాలగిన్నె దగ్గరికి పోయి బోర్లించింది.

"రేపు లచ్చికి టీకా వేయించి కార్డు తే" అంది కిష్టమ్మ. "అప్పటి దాక నా బట్టలు సంచిలనే ఉంటయి."

శనివారం పొద్దున కట్టు కట్టిన చేత్తో సంచి పట్టుకుని కురుమూర్తి రోడ్డు మీద నిలబడ్డాడు. స్టీఫెన్ ఆటో ఆపి, సంచిలోకి తొంగి చూసి, నొచ్చుకున్నాడు.

"మళ్లొచ్చిందా మామా? ఎక్కు, ఈసారి కృష్ణ దాటిద్దాం."

కురుమూర్తి సంచిని గుండెకు అదుముకుని, గద్వాల దిక్కు నడక మొదలుపెట్టాడు.