సున్నా కోతల జిల్లా

కిర్గిజ్ కొండల్లోని తాష్‌కోరూ జిల్లాలో తొమ్మిదేళ్ళుగా ఒక్క సిజేరియన్ ఆపరేషన్ కూడా జరగలేదనీ, సహజ ప్రసవాల్లో ఆ జిల్లా జాతికే తలమానికమనీ, కాబట్టి 'బంగారు ఊయల' అవార్డును తామే స్వయంగా విచ్చేసి ప్రదానం చేస్తామనీ ఆరోగ్య శాఖ ఉపమంత్రిగారు రేడియోలో ప్రకటించారు.

జిల్లా ఆరోగ్యాధికారి కల్మురాత్ ఆ మాట విని నిలువెల్లా పులకించాడు. ఈ ఘనతలో తన కృషి తక్కువేం కాదు మరి. మత్తు డాక్టరు మాస్కో వెళ్ళి టాక్సీ నడుపుకుంటానంటే ఆ కాగితం మీద సంతకం పెట్టింది తనే. అప్పటి నుంచీ సర్జనైన తను కత్తి పట్టింది విందుల్లో గొర్రెను వాటాలు వేయడానికే. కడుపు కోయాల్సిన ఆడవాళ్ళను కనుమ దాటించి అవతలి పట్నానికి పంపేవాడు. ఆ కోతలు ఆ పట్నం లెక్కలోకి పోయేవి. కనుమ దాటలేకపోయినవాళ్ళు వేరే కాలమ్‌లోకి పోయేవారు. ఆ కాలమ్‌కి అవార్డులు లేవు.

అవార్డు రోజు పొద్దున కనుమ నిండా మంచు. ఉపమంత్రిగారు హెలికాప్టర్లో బయల్దేరారని కబురు. కల్మురాత్ అద్దం ముందు కొత్త టోపీ సర్దుకుంటుంటే మంత్రసాని బూరుల్ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. జిల్లాలో సగం తలలు లోకంలో మొదట తగిలింది ఆమె చేతులకే, కల్మురాత్ తలతో సహా.

"నీ కోడలికి నొప్పులొస్తున్నాయిరా. బిడ్డ అడ్డం తిరిగింది."

"తిప్పలేవా పిన్నీ?"

"నిన్ను తిప్పాను. అప్పుడు నీ బుర్ర మెత్తగా ఉండేది. ఈ బిడ్డ నాకు లొంగడం లేదు, కోయాల్సిందే. సర్జనువేగా?"

"మత్తిచ్చేదెవరు?"

"నీ స్వాగతోపన్యాసం చదువు. అదే పడుకుంటుంది."

మంచులో చక్రాలకు గొలుసులు చుట్టుకుని కనుమ దాటగల బండి జిల్లా మొత్తానికీ పోస్టు జీపొక్కటే. అదీ నెలకు రెండుసార్లే. నిన్ననే వెళ్ళిపోయింది. 

మధ్యాహ్నం విందులో కల్మురాత్ గొర్రెను కోశాడు. ఎముకకి ఎముక, కీలుకి కీలు.

"ఏం కోశావయ్యా!" అన్నారు ఉపమంత్రిగారు. "నువ్వు డాక్టరువి కావలసినవాడివి."

"డాక్టరునే సార్. సర్జన్ని."

"అలాగా! సంతోషం. కాస్త త్వరగా కానివ్వండి, నాలుగింటికి నేను రాజధానిలో ఉండాలి. మా అమ్మాయికి సిజేరియన్."

"అయ్యో, ఏమైంది సార్?"

"ఏమవుతుంది? ఇరవై రెండో తేదీ, రెండో నెల. అన్నీ రెండ్లే! నెల కిందటే గది మాట్లాడుకున్నాం. మా పేటలో వందకి అరవై కాన్పులు అంతే. ఇక్కడ మీది సున్నా. కలిపి చూస్తే సగటు ప్రపంచం మెచ్చేలా ఉంది. మీరే లేకపోతే మా పరువు పోయేదయ్యా."

కల్మురాత్ కత్తి కింద పెట్టాడు. "సార్, హెలికాప్టర్లో ఒక్క చోటు... మా కోడలికి. మాకు అంకెల పట్టింపు లేదు. ఈ రోజే అయితే చాలు."

ఉపమంత్రిగారు నమలడం ఆపారు. "కోత ఎక్కడ పడుతుంది?"

"రాజధానిలో సార్."

"మరి మీ సున్నా?"

"సున్నాకి ఢోకా లేదు సార్."

"అయితే ఎక్కించండి! మన అవార్డు జిల్లాకి ఆ మాత్రం చేయలేమా?"

సాయంత్రానికి ఫోనొచ్చింది. మనవడు. తల్లీ బిడ్డా క్షేమం. కల్మురాత్ కాసేపు ఏడ్చి, ఆ ఆపరేషన్ తనే చేసినంత గర్వంగా 'బంగారు ఊయల'ను ఆపరేషన్ థియేటర్లో తగిలించాడు. ఆసుపత్రిలో ఎప్పుడూ ఖాళీగా ఉండే గది అదే.

మర్నాడు బూరుల్ కాన్పుల రిజిస్టరు తెచ్చి ఎదురుగా కూర్చుంది. "కాపరి భార్య గుల్‌సున్. కవలలు, ఇద్దరూ అడ్డమే. నెలలు నిండేది మార్చి ఏడు."

"పరిశుభ్రమైన ఆవరణ అవార్డు, మార్చి ఏడు," అని రాశాడు కల్మురాత్.

"ఏప్రిల్ రెండు."

"ఉత్తమ ఫైళ్ళ అమరిక."

అలా పదకొండు అవార్డులు, పదకొండు తేదీలు. తమరే హెలికాప్టర్లో విచ్చేసి ప్రదానం చేయ ప్రార్థన అని ఫ్యాక్స్ కొట్టాడు. మూడో రోజుకల్లా పదకొండూ మంజూరయ్యాయని ఫోన్.

మార్చి ఏడున గుల్‌సున్‌ని బొంతల్లో చుట్టి మైదానంలో కూర్చోబెట్టి అందరూ ఆకాశం వంక చూస్తున్నారు. హారన్ నేల మీద మోగింది. పోస్టు జీపు.

"శుభవార్త!" అని డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "పదకొండు అవార్డులు, అద్దాల ఫ్రేములతో సహా! పొదుపు కోసం అన్నీ ఒకేసారి నాతో పంపేశారు. ఏదీ నా కానుక?"

మంచి కబురు మోసుకొచ్చినవాడికి కానుక ఇవ్వకపోవడం ఆ కొండల్లో తప్పు. కల్మురాత్ ఫ్రేములు ఒక్కొక్కటే మంచులోకి దింపాడు. వెనక సీటు ఖాళీ అయింది. బూరుల్ దాని మీద బొంత పరిచింది.

"ఇదేంటవ్వా? తిరుగు టపా ఉందా?"

"ఉంది. పెద్ద పార్సెలొకటి, లోపల చిన్నవి రెండు. మెల్లగా నడుపు."

"మరి నా కానుక?"

బూరుల్ గుల్‌సున్‌ని ఎక్కించి తలుపు మూసింది. "మంచి కబురు నువ్వింకా తేలేదురా. పో, తీసుకురా."