రాజేశం బరువున్న ఇసుక

ఆ పొద్దు ఆకాశం కనబడలేదు. తెల్లవారకముందే దిగడం మొదలుపెట్టిన మంచు తాటి మొవ్వుల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. కాలువ గట్టు మీది చెట్లకు మొదళ్లున్నాయి గానీ తలల్లేవు.

రాజేశానికి ఆ మంచు నచ్చింది. తాను చేయబోయే పని ఎవరి కంటా పడకూడదు. పడితే ఊరు నెలరోజులు నవ్వుకుంటుంది.

ఆ రోజు పదింటికి అతనికి చెట్టెక్కే పరీక్ష. ఎక్సైజు ఎస్సై చూస్తుండగా తాటిచెట్టు ఎక్కి దిగితే కల్లుగీత లైసెన్సు ఇస్తారు. లైసెన్సు వస్తే చనిపోయిన తండ్రి గీసిన తొమ్మిది చెట్లూ అతనివి. రాకపోతే సొసైటీ వాటిని ఈ ఏడే మిగతావాళ్లకు పంచేస్తుంది. ఇంట్లోకి ఇంకో దారి నుంచి వచ్చేదేమీ లేదు.

పద్నాలుగేళ్లు అతను గల్ఫు సముద్రం నడుమ చమురు రిగ్గు మీద రిగ్గరు పని చేశాడు. బరువులకు తాళ్లు, గొలుసులు, కొక్కాలు కట్టడం, ఎత్తించడం, దించడం. ఒక సాయంత్రం భోజనాల గది గోడకు నలభై పేర్ల కాగితం అంటించారు. అందులో ఇతనిదొకటి. మర్నాడు హెలికాప్టర్లో ఒడ్డుకు, ఆ మర్నాడు విమానంలో ఇంటికి. వచ్చాక సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డులో చేరాడు. ప్రతి మగ్గం ముందూ ఆగి, బెల్టుకు అడ్డంగా జాలీ ఎందుకు లేదని అడిగాడు. తొమ్మిదో రోజు యజమాని చేతులు జోడించి, తానే బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించాడు. కోరుట్లలో సామాన్లు దించే పని మూడు రోజులే నడిచింది. లారీ కింద ఎవరూ నిలబడొద్దని అక్కడున్న అందరినీ దూరం పంపించడంతో దించేవాళ్లే లేకపోయారు.

ఇక మిగిలింది కులవృత్తి. దానికీ అతను రిగ్గు బెల్టు, దానికి రెండు కొక్కాలు పట్టుకొని పోయాడు. సొసైటీ పెద్ద దేవయ్య వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇవి ఎద్దుకా, బర్రెకా అని అడిగాడు. తండ్రి మోకు ఇంట్లో ఉండగా వేరేదెందుకన్నాడు. మోకంటే నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే నార తాడు. గీత కార్మికుడి ప్రాణమంతా దాని మీదే.

రాజేశం ఎదురు చెప్పలేదు. కానీ పాత తాడును బరువు కట్టి పరీక్షించకుండా మనిషికి వేయకూడదన్నది పద్నాలుగేళ్ల అలవాటు. మనిషి బరువు, రెండు గంటలు. అదీ లెక్క.

అందుకే ఆ మంచులో తన బరువుకు సరిపడా ఇసుకను సంచుల్లో నింపి కాలువ గట్టు మీది చెట్టు కిందికి చేర్చాడు. ఉత్త సంచులకు మోకు కుదురుగా పట్టదు, నడుమూ కాళ్లూ ఉండాలి. కాబట్టి వాటిని తన నారింజ రంగు రిగ్గు డ్రెస్సులోకి తోసి జిప్పు వేశాడు. బెల్టుతో చెట్టెక్కి, గిలకకు తాడు వేసి, ఆ ఇసుక బొమ్మను మట్టల దాకా లాగి తండ్రి మోకుకు వేలాడదీశాడు. అది నడుము దగ్గర రెండుగా వంగి, కాళ్లూ చేతులూ కిందికి వదిలేసి వేలాడింది. తల పెట్టాలని అతనికి తోచలేదు. తలకు అంత బరువుండదు.

రెండు గంటలు చెట్టు కింద కూర్చోవడం దండగనిపించింది. దరఖాస్తుకు రెండు ఫొటోలు కావాలి. మంకీ టోపీ పెట్టుకొని మల్లాపూర్‌కు నడిచాడు. ఫోన్ ఇంట్లోనే ఉంది. పని ఉన్న రోజు ఫోన్ ముట్టకూడదన్నది కూడా రిగ్గు నేర్పిందే.

ఫొటో స్టూడియో తెరిచేసరికి ఎనిమిదిన్నర. ఫొటో దిగి, కడిగించుకొని బయటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. బయట ఆటో డ్రైవర్ ఏసుబాబు ఎవరితోనో చెబుతున్నాడు, ఇవాళ చుట్టుపక్కల ఎక్కడా కల్లు దొరకదని. ఈ ప్రాంతంలో గీత కార్మికుడు చెట్టు మీది నుంచి పడితే ఆ రోజు మిగతావాళ్లు చెట్టు ముట్టరు.

"ఎవలు పడ్డరు?" రాజేశం అడిగాడు.

"పేరు తెల్వదే అన్నా. గల్ఫుకెళ్లి అచ్చినాయనట. మోకు తెగి కాలువల పడ్డడు. ఇంక దొరుకలే."

ఊరి పేరు అడిగితే తన ఊరే చెప్పాడు. ఊళ్లో గల్ఫు నుంచి వచ్చిన గౌడులు నలుగురున్నారు, తనతో ఐదుగురు. మిగతా నలుగురి ముఖాలూ కళ్ల ముందు తిరిగాయి. ఎవరైనా కానీ, తాడు చూసుకోకుండా ఎక్కి ఉంటాడు. ఎవరికి చెప్తే వింటారు? ఏసుబాబు ఆటోలోనే ఎక్కి కూర్చున్నాడు.

అసలు జరిగింది ఇది. వరి నాటుకు పోతున్న పోచవ్వ మంచులో తల ఎత్తి చూసింది. నారింజ రంగు డ్రెస్సు ఊళ్లో ఒక్కరికే ఉంది. రాజేశం ఇంటికి సున్నం వేసినా అదే వేసుకునేవాడు. తాటిచెట్టుకు మనిషి అలా వంగి వేలాడుతున్నాడంటే పట్టు తప్పి మోకులో ఇరుక్కున్నాడని ఈ పక్క చిన్న పిల్లలకూ తెలుసు. ఆమె కేక విని దేవయ్య తన మోకు భుజాన వేసుకొని పరిగెత్తాడు. చెట్టు సగం ఎక్కేసరికి పైన మోకు పుటుక్కుమంది. నారింజ రంగు అతని పక్క నుంచే జారి, కాలువలో పడి, బుడగ కూడా లేకుండా మునిగిపోయింది. రాజేశం భార్య రజని పరుగున వచ్చి, అతని ఫోన్‌కు చేసింది. అది ఆమె కొంగులోనే మోగింది. తర్వాత మల్యాలలో ఉన్న తల్లికి చేసింది.

రాజేశం ఆటో దిగేసరికి గట్టంతా జనం. మంచు ఇంకా విడలేదు, తన బొమ్మ పైనే ఉందనుకున్నాడు. అందరి ముఖాలూ నీళ్ల వైపే. ఎవరి చేతికి దొరికిన కర్రతో వాళ్లు పొడుస్తున్నారు. ఇద్దరు అప్పటికే దిగి, చలికి నీలుక్కుపోయి పైకొచ్చారు. ఆ గందరగోళం చూసి అతనికి సముద్రం గుర్తొచ్చింది. గొంతు దానంతట అదే లేచింది. అందరూ పది అడుగులు వెనక్కి జరగాలని, నీళ్లలో దిగేవాడి నడుముకు తాడుండాలని, బావిలో బకెట్లు తీసే గాలం ఎవరింట్లో ఉంటే వాళ్లు తేవాలని చెప్పాడు. అంత నమ్మకంగా చెబుతుంటే, చెప్పేదెవరని ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. గాలం వచ్చింది.

ముందు ఎవరు పోయారో తేల్చాలి. ఊళ్లో గీత వృత్తి ఇళ్లు పన్నెండు. ఇంటికొకరు చొప్పున వరసగా నిలబడమన్నాడు. నిలబడ్డారు. రిగ్గు మీద లెక్కపెట్టేవాడు తనతోనే మొదలుపెడతాడు. రాజేశం అలాగే మొదలుపెట్టి, మళ్లీ ఒకసారి లెక్కపెట్టి, పన్నెండు మందీ ఉన్నారన్నాడు.

"పదకొండు మందిమే ఉన్నం. పన్నెండోడు నీళ్లల్ల ఉన్నడు," అన్నాడు దేవయ్య, కాలువ మీది చూపు తిప్పకుండా. "నీకు లెక్క రాకుంటే పక్కకు జరుగు."

"పన్నెండే ఉన్నరు బాపు. నేను రెండుమాట్ల జూసిన."

"సచ్చినోన్ని గూడ లెక్కవెడ్తున్నవారా?"

లెక్క సంగతి తర్వాత చూడొచ్చని రాజేశం గాలం విసిరాడు. నాలుగోసారి బరువు తగిలింది. పదిమంది కలిసి లాగారు. ముందు నారింజ రంగు కాలు తేలింది. తర్వాత వీపు మీద మెరిసే పట్టీలు. గట్టు మీద ఏడుపు ఒక్కసారిగా పెరిగింది. రాజేశం చేతులు ఆగిపోయాయి. మెల్లగా టోపీ తీశాడు.

"గిది నాదే," అన్నాడు.

జిప్పు తీస్తే ఇసుక కారింది. ఏడుపు ఎక్కడిదక్కడ నిలిచింది. పన్నెండు మందీ ఉన్నారని అప్పుడు తేలింది.

రజని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. అతని ముఖం, చేతులు, భుజాలు ఒక్కొక్కటే పట్టి చూసింది. గట్టు మీదే కూలబడింది.

"పొద్దుగాల ఒక్క ముచ్చట జెప్పిపోతే నీ సొమ్మేం పోతుండె?" అంది. "మా అవ్వకు సచ్చినవనే జెప్పిన. ఆళ్లు బయలెల్లుతున్నరట."

ఎస్సై పదింటికే వచ్చి వేపచెట్టు కింద కుర్చీలో ఉన్నాడు. రాజేశం తడి చేతులు తుడుచుకొని, రెండు ఫొటోలూ ముందు పెట్టాడు. ఎస్సై ఫొటో చూశాడు, మనిషిని చూశాడు, రిజిస్టరు చూశాడు. అందులో రాజేశం పేరుకు ఎదురుగా "అభ్యర్థి మృతి" అని రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఉంది.

"నేనేమన్న కావాలని రాసిన్నా? మూడూళ్లు ఏడుస్తుంటే రాసిన," అన్నాడతను నొచ్చుకుంటూ. "కొట్టేస్తే పైన సంజాయిషీ అడుగుతరు. వచ్చే యేడు మల్ల పెట్టుకో. అప్పుడైతే ఏ ఇబ్బందీ ఉండదు."

వచ్చే ఏటికి చెట్లుండవు. రాజేశం ఫొటోలు జేబులో పెట్టుకొని, ఇసుక సంచుల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. సంచులతో పాటు సగం మోకు కూడా పైకొచ్చింది. దేవయ్య దాన్ని చేతిలోకి తీసుకొని, తెగిన చోట వేలితో విప్పి చూస్తున్నాడు. పైకి ఆముదం పట్టించి నిగనిగలాడుతున్న నార లోపల నల్లగా, పొడిలా ఉంది. గిల్లితే రాలుతోంది.

పదకొండు మందీ దగ్గరికొచ్చి చూశారు. పదింటికి చెట్టు మీద ఆ మోకులో ఎవరుండేవారో ఎవరూ పైకి అనలేదు. రజని మాత్రం అక్కడి నుంచి లేచి దూరం పోయి నిలబడింది.

దేవయ్య చాలాసేపు తన భుజం మీది మోకును తడుముకున్నాడు. అది ఇరవై ఏళ్ల నాటిది. తీసి రాజేశం కాళ్ల దగ్గర పెట్టాడు.

"దీనికి గూడ గా ఇసుక గట్టి సూడు," అన్నాడు.

తర్వాత ఇంకొకరిది. ఆ తర్వాత ఇంకొకరిది. కాసేపటికి పదకొండు మోకులు కుప్పపడ్డాయి. దేవయ్యే మళ్లీ నోరు తెరిచాడు. రాజేశం చెట్లు ఎటూ పోవు, లైసెన్సు వచ్చేదాకా వంతులవారీగా తామే గీసి కల్లు అతనింటికే పంపుతాం, అతను మోకులు చూడాలి, అన్ని ఊళ్లవీ చూడాలి, వేరే పని పెట్టుకోవద్దు, అన్నాడు. అది అడగడమో ఆజ్ఞో తెలియలేదు. రాజేశం సరేనన్నాడు.

ఒంటిగంటకు మల్యాల నుంచి ట్రాలీ ఆటో వచ్చింది. రాజేశం అత్త వజ్రమ్మ గుండెలు బాదుకుంటూ దిగి, నాలుగడుగులు వేసి, వాకిట్లో మోకులు ఆరేస్తున్న అల్లుణ్ని చూసి చేతులు దించింది. ఆమె వెనకే అన్నం గంపలు, కూర గంజులు దిగాయి. చావింట్లో పొయ్యి ముట్టించరని ఆమె వాడకట్టంతా కూడి వండిన వంట అది.

విషయమంతా విన్నాక వజ్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మంచిదే అల్లుడా. గని సావుకు వండిన బువ్వ మల్ల ఇంటికి తీస్కపోరాదు. కూసోండ్రి."

చాపలు పరిచారు. పదకొండు మంది గీత కార్మికులు, ఎస్సై, ఏసుబాబు, పోచవ్వ, చుట్టాలు, అందరూ వరసగా కూర్చున్నారు. వజ్రమ్మ అలవాటు కొద్దీ మొదటి విస్తరి ముద్ద చనిపోయినవాళ్లకని పక్కన తీసిపెట్టబోయి, ఎవరికోసమో గుర్తొచ్చి, దాన్ని రాజేశం విస్తరిలోనే వేసింది. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. ఇలాంటి భోజనం దగ్గర ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియక అందరూ విస్తళ్లలోకే చూసుకుంటూ తిన్నారు.

పప్పుచారు రెండోసారి వేయించుకున్నది పోయినవాడొక్కడే.