తవిటయ్య కొత్త ఏడాది దండాలు

జనవరి ఒకటిన ఊరంతా డిమ్నా చెరువుకు పిక్నిక్ వెళ్ళడం, రెండున ఒళ్ళు నొప్పులతో పనిలోకి పోవడం జంషెడ్‌పూర్‌లో మామూలే. తవిటయ్యకు మాత్రం ఈ ఏడాది రెండో తేదీ పొద్దున్నే ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. బిష్టుపూర్ ఆఫీసులో పనిచేసే కూతురు శ్వేతకు ఏదో ట్రైనింగులో చెప్పారట, కొత్త ఏడాదిని కృతజ్ఞతతో మొదలుపెట్టాలని, పనిచేసే చోట ఏదో ఒక చిన్న మెరుగు చెయ్యాలని.

"బస్ ఇత్నా హీ, పాపా. సబ్‌కో థాంక్యూ బోలియే, ఔర్ ఏక్ ఛోటా సా సుధార్," అంది శ్వేత చెప్పులు తొడుక్కుంటూ.

"అందరికీ సెప్పాలా?"

"సబ్‌కో," అని ఆమె ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

తవిటయ్య ఏ పనీ సగంలో వదిలే రకం కాదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, రొట్టెలు ఒత్తుతున్న భార్య చిలకమ్మ ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. "ఇన్నాళ్ళూ నాకోసం శానా కట్టపడ్డావే," అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో మొగుడు తనకు దండం పెట్టగా చిలకమ్మ చూసి ఎరగదు. "ఏటైంది నీకు? జొరం గానీ తగిలిందేటి?" అనేలోపు ఆయన స్కూటరు వీధి చివరికి చేరింది.

తవిటయ్య బర్మామైన్స్‌లో ఒక కాంట్రాక్టు వర్క్‌షాపులో స్టోర్‌కీపరు. ఊళ్ళోని ఉక్కు కర్మాగారం క్రేన్లకు కావలసిన గొలుసులు, కొక్కేలు, బేరింగులు అన్నీ ఆయన చేతిమీదుగానే పోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఏ వస్తువు ఏ మూలన ఉందో ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. ఏటా జనవరి రెండున సైట్ ఇన్‌చార్జి గౌరీశంకర్ తన మనుషుల జాబితాను కర్మాగారం ఆఫీసుకు పంపుతాడు. మధ్యాహ్నం మూడింటిలోగా అందులో పేరున్నవాడికే కొత్త గేట్‌పాస్. పేరు లేనివాడు ఏడాదంతా గేటు బయటే. యాభై నాలుగేళ్ళ మనిషి గేటు బయట నిలబడితే మళ్ళీ పనికి పిలిచేవాడెవడు?

ఆ వర్క్‌షాపులో ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పరు. అడిగిన పానా అందిస్తే "ఊఁ" అంటారు, అదే మర్యాద. ఒక్కరికి మాత్రం మినహాయింపు ఉంది. పని మాని వెళ్ళిపోయేవాడు ఆఖరి రోజున మిషను మిషను దగ్గరికీ వెళ్ళి, చేతులు జోడించి నాలుగు మంచి మాటలు చెప్పి, తన బీరువా ఖాళీ చేసుకుంటాడు. అలాంటివాళ్ళకు కప్పే శాలువాలను ప్రతిసారీ కొనుక్కొచ్చేది తవిటయ్యే. అయినా ఆ పొద్దున ఆయనకు ఆ సంగతి తట్టనే లేదు. తనకింకా ఆరేళ్ళు ఉంది కదా మరి.

ముందుగా వెల్డరు ఆదిబాబు దగ్గరికి వెళ్ళాడు. "పదకొండేళ్ళనుంచి నాతో పని సేత్తన్నావు. ఏనాడూ ఒక మంచి మాట సెప్పలేదు నీకు," అని దండం పెట్టాడు.

ఆదిబాబు ముఖానికున్న తొడుగు పైకెత్తి నోరెళ్ళబెట్టాడు. "ఏటైంది మావా? ఇంత సడన్‌గానా?"

"ఇయ్యాల సెప్పకపోతే ఇంకెప్పుడు సెప్తాను?"

ఆదిబాబు కళ్ళు చెమర్చాయి. తవిటయ్య మనసు పొంగిపోయింది. ఒక్క మాటకే మనిషి ఇంత కరిగిపోతాడా, ఇన్నాళ్ళూ ఎంత పొరపాటు చేశాను అనుకుంటూ మిగతా పదిహేనుమందినీ వరసగా కరిగించుకుంటూ పోయాడు.

తర్వాత మెరుగు. ముందు తన బీరువా తెరిచి పాత స్వెట్టరు, విరిగిన గొడుగు, మూడేళ్ళ కిందటి క్యాలెండర్లు, మసి పట్టిన అమ్మవారి పటం అన్నీ సంచిలో కుక్కాడు. ఆ తర్వాత స్టోరులో సామానంతా కొత్త అరల్లోకి మార్చి, ఒక్కో అరకూ ఒక్కో కాగితం అంటించాడు. పలాస బడిలో ఏడో క్లాసుదాకా దిద్దిన గుండ్రటి అక్షరాలతో మార్కరుతో రాస్తుంటే ఆయనకే ముచ్చటేసింది.

పదేళ్ళుగా ఆ స్టోరు కుర్చీ మీద కన్నేసిన ఫిట్టరు బలరామ్ గుమ్మంలోంచి ఆ సంచిని చూశాడు. "పటం కూడా తీసేత్తన్నావా బాబాయ్?"

"ఇంటికాడ శుబ్బరంగా తుడిసి ఎట్టుకుంతాను. ఇకమీదట ఇక్కడ నాను లేకపోయినా స్టోరు నడవాలి, సూడు," అన్నాడు తవిటయ్య గర్వంగా.

బలరామ్ సూటిగా గౌరీశంకర్ గదికి నడిచి, తవిటయ్య పని మానేస్తున్నాడని చెప్పాడు. గౌరీశంకర్ ఆ ఊళ్ళోనే బారిడీహ్‌లో పుట్టి పెరిగినవాడు, మెత్తటి మనిషి. వెళ్ళిపోయేవాణ్ణి ఎందుకని అడిగితే బాధపడతాడేమోనని తవిటయ్య ఇంటికి ఫోన్ చేశాడు. "పిన్నీ, బాబాయ్‌కి వొంట్లో బాగుంటందా?"

"ఏటో బాబూ, పొద్దున్నే నాకు దండమెట్టి మరీ ఎల్లాడు. నాకూ బయమేత్తంది," అంది చిలకమ్మ.

భార్యకే దండం పెట్టాడంటే రోగం ముదిరిందన్నమాటే. గౌరీశంకర్ బరువెక్కిన గుండెతో జాబితాలో తవిటయ్య పేరు కొట్టేసి, స్టోర్‌కీపరుగా బలరామ్ పేరు రాసి పన్నెండున్నరకే పంపేశాడు.

రెండింటికి అందరూ స్టోరు ముందు చేరారు. సమోసాలు వచ్చాయి, దండ వచ్చింది, శాలువా వచ్చింది. థాంక్స్ చెప్పినందుకు ఇంత మర్యాదా అని తవిటయ్య సిగ్గుతో మెలికలు తిరిగాడు. గౌరీశంకర్ గొంతు సవరించుకున్నాడు.

"బాబాయ్ లేని లోటు మనకి తీరదు. మీరు నిచ్చింతగా మందులు వాడుకోండి బాబాయ్. లిస్టులో పేరు తీసేశాను, పనిగురించి ఆలోచన వొద్దు."

"ఎవలి పేరు?"

"మీదే."

తవిటయ్య చేతిలోని సమోసా జారి పడింది. "నానెక్కడికీ ఎల్లట్లేదు బాబూ. మా పిల్ల సెప్పింది, కొత్తేడాదికి అందరికీ థాంక్స్ సెప్పమని. అంతే. నాకు ఏ జబ్బూ లేదు."

అప్పటికే తాళాలగుత్తి జేబులో వేసుకున్న బలరామ్ మెల్లగా అన్నాడు. "శాలువా కప్పేశాక మళ్ళీ ఏటి బాబాయ్. లిస్టు కూడా ఎల్లిపోనాది."

అంతలో కర్మాగారం నుంచి ఫోన్. క్రేను ఆగిపోయింది, దాని బేరింగు అరగంటలో కావాలి. బలరామ్ ఛాతీ విరుచుకుని స్టోరులోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఎంతకీ రాడు. గౌరీశంకర్ వెళ్ళి చూస్తే, అద్దంలా మెరుస్తున్న అరల మధ్య బలరామ్ బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు.

"అన్నీ తెలుగులో రాసేడన్నా."

అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. చదువు మాత్రం అందరిదీ హిందీ బడిలోనే. అచ్చు హల్లు గుర్తుపట్టగలిగే మనిషి ఆ వర్క్‌షాపులో తవిటయ్య ఒక్కడే. గౌరీశంకర్ ఫోను తీసి ఒక కాగితాన్ని ఫొటో పట్టి చదివించాడు. ఫోనులోని ఆడగొంతు హిందీలో స్పష్టంగా, "బలరామ్ కీ బిగాడీ హుయీ చీజేఁ," అంది. బలరామ్ పాడుచేసిన సామాన్లట. ఆదిబాబు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. రెండో కాగితం, "మొన్నటి దానికన్నా కొంచెం లావువి" అని పలికింది. మూడో దాని దగ్గరికి ఫోను తీసుకెళ్ళే ఓపిక గౌరీశంకర్‌కు లేకపోయింది.

"బాబాయ్," అన్నాడు నీరసంగా, "ఆ బేరింగు ఎక్కడుందో..."

తవిటయ్య శాలువాతోనే లోపలికి వెళ్ళి రెండు నిమిషాల్లో బేరింగు తెచ్చి చేతిలో పెట్టాడు. పెట్టాడే గానీ వదల్లేదు. "ఇది గేటు దాటాలంటే నాకూ పాసు ఉండాల బాబూ," అన్నాడు.

మూడింటికి పది నిమిషాలుండగా సవరించిన జాబితా వెళ్ళింది. బలరామ్ తాళాలు తిరిగిచ్చేశాడు. తవిటయ్య పొద్దుటి అలవాటు కొద్దీ అతనికి చేతులు జోడించబోయి, భయపడి, "ఊఁ" అని ఊరుకున్నాడు.

సాయంత్రం శాలువాతో గుమ్మంలోకి వచ్చిన మొగుణ్ణి చూసి చిలకమ్మ ఏడ్చినంత పని చేసి, తర్వాత తిట్టినంత సేపు తిట్టింది. మర్నాడు గౌరీశంకర్ బతిమాలుతూ, ఆ కాగితాలన్నీ హిందీలోకి మారిస్తే ఇంకా మెరుగ్గా ఉంటుందన్నాడు. తవిటయ్య ఆ సలహాకు మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పి, ఆ మెరుగును తాను రిటైరయ్యే ఏడాదికి అట్టే పెట్టుకున్నాడు.